ఎవరి బిడ్డ?

ధ్యాన వాక్యభాగములు: నిర్గమకాండము 1:15 – 2:10, యిర్మీయా 31:15-17, 29-30, 2 సమూయేలు 9:1-13



మన ఊళ్ళలో క్రొత్త పిల్లవాడు వీధిలో కనబడినయెడల పెద్దలు మొదట అడుగు మాట ఒకటి గలదు. "ఎవరి బిడ్డవురా?" అని అడుగుదుము. ఈ ప్రశ్న చెడ్డది కాదు. దారి తప్పిన పిల్లవానిని ఇల్లు చేర్చవలెనన్నను, ఆకలిగొన్నవానికి తల్లిని వెదకిపెట్టవలెనన్నను ఇదే ప్రశ్న అడుగవలెను. అయితే ఇదే ప్రశ్నను మరియొక విధముగా అడుగుట కూడ మనకు తెలియును. వాడు ఏ వాడవాడు, ఏ కులమువాడు, వాని తండ్రి మన పక్షమువాడా, ఎదుటి పక్షమువాడా అని తెలిసికొని, ఆ జవాబును బట్టి వానిని లోపలికి పిలుచుటయో, గుమ్మము బయట నిలువబెట్టుటయో చేయుదుము. మాట ఒకటే గాని అడుగు హృదయములు రెండు. ఈ నెల ఈ ప్రశ్ననుగూర్చియే కలిసి ధ్యానింతము.

పరిశుద్ధ గ్రంథములో ఈ ప్రశ్న కత్తి చేతబట్టి అడుగబడినది ఐగుప్తు దేశములో. హెబ్రీయుల మగపిల్లలను పుట్టగానే చంపవలెనని ఫరో ఆజ్ఞాపించెను. బిడ్డ ఏ తప్పు చేసెనని ఆ రాజు విచారింపలేదు. ఎవరి బిడ్డ అనునదే అతనికి చాలెను. షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానులు దేవునికి భయపడి ఆ ఆజ్ఞను మీరిరి. తరువాత ఏటి ఒడ్డున జమ్ముపెట్టెలో ఏడ్చుచున్న పిల్లవానిని ఫరో కుమార్తె చూచెను. వాడు హెబ్రీయుల బిడ్డయని ఆమెకు తెలియకపోలేదు. ఎవరి బిడ్డయో తెలిసియే ఆమె కనికరపడెను, తెలిసియే వానిని పెంచుటకు పూనుకొనెను. తండ్రి ఏ జవాబు విని చంపుమనెనో, కుమార్తె అదే జవాబు విని బ్రదికించెను.

ఆ బిడ్డయే మోషే. అతడు సంహారమునుండి తప్పింపబడినవాడు. అతని యీడు పిల్లలు ఏటిపాలైన కాలములో అతడు బ్రదికెను. పెద్దవాడై మిద్యానునకు పారిపోయి, అక్కడ పెండ్లియాడి, మామ మందను మేపుకొనుచు నలువది సంవత్సరములు గడిపెను. అక్కడనే ఉండిపోయినయెడల అతనిని తప్పుపట్టువారు ఎవరు? అయినను దేవుడు అతనిని తాను పారిపోయి వచ్చిన దేశమునకే తిరిగి పంపెను. ప్రాణము దక్కించుకొన్నవాడు ప్రాణభయము గల చోటికి తిరిగి వెళ్ళుట, అదియు ఇతరుల పిల్లల కొరకు వెళ్ళుట, సులభమైన సంగతి కాదు. మన కాలములో అట్లు చేసిన కొందరిని ఇప్పుడు చూతము.

ఒక జాతి ప్రజలను, వారు ఆ జాతివారైనందుననే, నిర్మూలము చేయ పూనుకొనుటను జాతిసంహారము అందురు. రఫాయేలు లెమ్కిన్ అను యూదుడైన న్యాయవాది 1944లో ఆ నేరమునకు ప్రత్యేకముగా ఒక పేరు పెట్టెను. దానిని నివారించుటకును, చేసినవారిని శిక్షించుటకును 1948 డిసెంబరు 9వ తేదీన ఐక్యరాజ్య సమితి ఒక ఒడంబడికను అంగీకరించెను. అయినను 1994వ సంవత్సరమున ఆఫ్రికా ఖండము నడుమనున్న రువాండా అను చిన్న దేశములో ఆ నేరము పట్టపగలు జరిగెను.

ఆ దేశము మన తెలంగాణ రాష్ట్రములో నాలుగవ వంతుకంటె కొంచెము తక్కువ. కొండలు, కొండల మీద చేలు, చేల మధ్య పల్లెలు. హుటులు, టుట్సీలు అను రెండు తెగలవారు అక్కడ ఒకే భాష మాట్లాడుచు, ఒకే కొండ మీద పొరుగిండ్లలో కాపురముండిరి. ఒకరి పిల్లలను ఒకరికి ఇచ్చి పెండ్లిండ్లు కూడ చేసికొనిరి. వారిని ఏలిన బెల్జియము దేశస్థులు 1930ల దశకములో ప్రతివానికి ఒక గుర్తింపు కార్డు ఇచ్చి, దానిమీద వాని తెగ పేరు వ్రాయించిరి. "ఎవరి బిడ్డ?" అను ప్రశ్నకు జవాబు నాటినుండి జేబులో తిరిగెను. 1994లో దారులయందు అడ్డము నిలిచినవారు ఆ కార్డునే చూపుమని అడిగి, చూచి చంపిరి.

ఆ యేడు ఏప్రిలు 6వ తేదీన దేశాధ్యక్షుని విమానము కూల్చివేయబడెను. మరునాటినుండి జూలై నెల నడుమ వరకు, సుమారు నూరు దినములు, సంహారము సాగెను. చంపబడినవారు సుమారు 8 లక్షలని ఐక్యరాజ్య సమితి చెప్పినది. పది లక్షలకు మించిరని రువాండా ప్రభుత్వము చెప్పుచున్నది. వారిలో అధికులు టుట్సీలు. చంపుటకు ఒప్పుకొనని హుటులు కూడ చంపబడిరి. చంపినవారిలో పరదేశపు సైన్యము లేదు. సైనికులతోను మూకలతోను కలిసి, పొరుగువారే చేతికందిన కత్తులు, దుడ్డుకఱ్ఱలు పట్టి వచ్చిరి. రేడియోలో పేర్లు చదివి, మనుష్యులను బొద్దింకలని పిలిచి, ప్రజలను రేపిరి.

ఇది అన్యుల దేశములో జరిగిన సంగతియని మనము ప్రక్కకు తొలగిపోవుటకు వీలులేదు. రువాండా ప్రజలలో నూటికి తొంబదిమంది వరకు క్రైస్తవులు. తూర్పు ఆఫ్రికా అంతట వ్యాపించిన గొప్ప ఉజ్జీవము 1930ల దశకములో ఆ దేశములోని గహిని అను మిషను స్థలములోనే రగులుకొన్నది. 1994లో ప్రజలు ప్రాణరక్షణ కొరకు దేవాలయములకు పరుగెత్తిరి. న్యమాట, న్టరామా గ్రామముల దేవాలయములలో వేలమంది చంపబడిరి. ఆ రెండును ఈనాడు జ్ఞాపకస్థలములై నిలిచియున్నవి. ముగోనెరోలో ప్రొటెస్టంటు మిషను ఆవరణములో ఆశ్రయము పొందినవారును హతులైరి. ఆ సంఘపు పెద్ద పాస్టరు ఆ సంహారమునకు తోడ్పడినట్లు అంతర్జాతీయ న్యాయస్థానము 2003లో తీర్పు చెప్పినది. కాబట్టి ఏ సంఘము కూడ మరియొక సంఘము వైపు వ్రేలు చూపజాలదు. బాప్తిస్మపు నీరు తలమీద పడినది గాని, "ఎవరి బిడ్డ?" అని అడుగు పాత హృదయము వరకు దిగలేదు.

అందరును అట్లు చేయలేదని కూడ చెప్పవలెను. కిగాలి నగరములో అనాథాశ్రమము నడుపుచుండిన దమాస్ గిసింబా పిల్లలను పెద్దలను కలిపి సుమారు 400 మందిని దాచి కాపాడెను. అట్టివారు కొద్దిమంది. కొద్దిమందియైనను ఉండుట చేత, చంపినవారు వేరే దారి లేదని చెప్పుకొనుటకు వీలులేకపోయినది.

ఆ సంహారము ముగియగానే పిల్లల కష్టము మొదలైనది. సుమారు 95,000 మంది పిల్లలు తలిదండ్రులను పోగొట్టుకొనిరని యునిసెఫ్ అంచనా. పండ్రెండేండ్ల అక్క తమ్ములకు తల్లియై, పదునాలుగేండ్ల అన్న ఇంటికి యజమానుడై బ్రదుకవలసి వచ్చెను. మరియొక ప్రక్క లక్షకు పైగా నిందితులు చెరసాలలలో నిండిరి. వారి పిల్లలు కూడ అవే కొండల మీద, అదే ఆకలితో, తండ్రి పేరు చెప్పుటకు సిగ్గుపడుచు మిగిలిరి. చనిపోయినవాని బిడ్డయు చంపినవాని బిడ్డయు ఒకే బావి యొద్దకు నీళ్ళకు పోవలసిన స్థితి.

ఈ పిల్లలయొద్దకు తిరిగి వచ్చినవారు, ఊరు విడువక నిలిచినవారు కొందరు గలరు. జాన్ రుచ్యహానా అను టుట్సీ దైవజనుడు బాల్యమందే స్వదేశము విడిచి ఉగాండాలో శరణార్థియై పెరిగి, అక్కడ ఆంగ్లికన్ సంఘములో గురువాయెను. జాతిసంహారములో ఆయన బంధువులు అనేకులు హతులైరి. మేనకోడలు ఘోరముగా చంపబడెను. ఉగాండాలో ఆయనకు పని ఉన్నది, మర్యాద ఉన్నది. అయినను 1997లో రువాండా వాయవ్య భాగములోని షీరా అధ్యక్ష మండలమునకు బిషప్పుగా తిరిగి వచ్చెను. ఆ ప్రాంతములో తిరుగుబాటుదారుల దాడులు ఇంకను జరుగుచుండిన దినములవి. 2001లో అక్కడ అనాథల కొరకు ఆయన ఒక పాఠశాల తెరచెను. సూర్యోదయము అని చెవికి వినబడుచు, దేవుని కుమారుని ఉదయము అని అర్థమిచ్చు ఇంగ్లీషు పేరు దానికి పెట్టెను. రెండు తెగల పిల్లలును అక్కడ ఒకే బల్లమీద కూర్చుండి చదివిరి, ఒకే గదిలో పండుకొనిరి. ఆయన చెరసాలలకు వెళ్ళి, చంపినవారికి కూడ పశ్చాత్తాపమును ప్రకటించెను.

టబా అను గ్రామ ప్రాంతములో గొదెలీవ్ ముకసరసి అను సంఘసేవకురాలు గలరు. ఆమె జాతిసంహారమునుండి బ్రదికి బయటపడినవారు. ఆ సంవత్సరమే, 1994లోనే, విధవరాండ్రను అనాథలను కూర్చి సెవోటా అను సంస్థను ఆరంభించిరి. అవమానింపబడిన స్త్రీలు న్యాయస్థానమునకు వెళ్ళి సత్యము చెప్పుటకు ఆమె ధైర్యము చెప్పిరి. 1996లో దుండగులు ఆమె భర్తను కుమార్తెను చంపిరి. అంతటితో ఆమె పని మానియుండవచ్చును. మానలేదు. బలాత్కారము వలన తల్లులైన స్త్రీలయొద్దకును, ఆ బిడ్డలయొద్దకును వెళ్ళుచునే యుండిరి. ఎవరి బిడ్డ అను ప్రశ్న కన్నతల్లికే ముల్లువలె గ్రుచ్చుకొను చోట ఆమె సేవ చేసిరి.

పెద్దలు లేని చోట యౌవనులే పెద్దలైరి. 1996లో బుటారె పట్టణములోని జాతీయ విశ్వవిద్యాలయములో చదువుచున్న విద్యార్థులు కొందరు ఒక సంఘముగా ఏర్పడిరి. వారందరు సంహారమునుండి మిగిలినవారే. వారు తమలో తాము కుటుంబములుగా ఏర్పడి, ఒక విద్యార్థిని తండ్రిగాను, ఒక విద్యార్థినిని తల్లిగాను ఎన్నుకొని, తక్కినవారు వారికి పిల్లలైరి. ఫీజు కట్టవలెనన్నను, జ్వరము వచ్చినను, పెండ్లి కుదిరినను ఆ ఇరువదేండ్ల తండ్రి ముందు నిలిచెను. ఈ పద్ధతి తరువాత దేశములోని ఇతర కళాశాలలకును పాఠశాలలకును వ్యాపించినది.

2008లో ర్వమగానా ప్రాంతపు పల్లెలో అగహోజో-షాలోం అను పిల్లల గ్రామము తెరువబడెను. దానిని స్థాపించిన అన్నె హేమన్ అను యూదురాలు, ఐరోపాలో యూదుల సంహారమునుండి మిగిలిన అనాథల కొరకు ఇశ్రాయేలులో 1953లో ఏర్పడిన ఒక పిల్లల గ్రామమును మాదిరిగా తీసికొనెను. అగహోజో అనగా ఆ దేశపు భాషలో కన్నీరు ఆరు చోటు అని అర్థము. అక్కడ ఒక్కొక్క ఇంటికి ఒక తల్లి ఉండును. ఆ తల్లులలో అనేకులు భర్తను, కన్న బిడ్డలను జాతిసంహారములో పోగొట్టుకొన్నవారే. మోయాబునుండి రిక్తహస్తములతో తిరిగి వచ్చిన నయోమి, చివరకు రూతు కుమారుని రొమ్మున చేర్చుకొని వానికి దాదియైన సంగతి మనకు జ్ఞాపకము వచ్చుచున్నది గదా. ఆ బిడ్డ ఆమె కడుపున పుట్టినవాడు కాడు. అయినను ఊరి స్త్రీలు ఆమెకే బిడ్డ పుట్టెనని సంతోషించిరి.

ఇప్పుడు మనము కష్టమైన ప్రశ్నలకు వచ్చితిమి. వీటిని దాటిపోయి, వారు ఎంత మంచివారని చెప్పి ముగించుట న్యాయము కాదు.

మొదటి ప్రశ్న. నా బిడ్డను చంపినవాని బిడ్డకు నేను అన్నము పెట్టినయెడల, చనిపోయిన నా బిడ్డకు ద్రోహము చేసినట్లు కాదా? ఈ ప్రశ్న అడుగువాడు దుష్టుడు కాడు; ప్రేమించినందుననే అడుగుచున్నాడు. దీనికి యిర్మీయా గ్రంథము 31వ అధ్యాయములో జవాబు గలదు. తండ్రులు పులిసిన ద్రాక్షలు తినగా పిల్లల పళ్ళు పులియుట అను పాత సామెత ఇక పలుకబడదని, ఎవని దోషము వానిదే యని ప్రవక్త చెప్పెను. యెహెజ్కేలు కూడ తన 18వ అధ్యాయములో దానినే విస్తరించి చెప్పెను. తండ్రుల దోషము మూడు నాలుగు తరముల వరకు పిల్లల మీదికి వచ్చునని పది ఆజ్ఞలలో వ్రాయబడియున్నది గదా అని ఎవరైన అడుగవచ్చును. నిజమే. తండ్రి చెరసాలకు పోయినప్పుడు బిడ్డకు ఆకలియు, సిగ్గును రాకమానవు. అది మన కన్నులు చూచు సంగతియే. అయితే ఆ బాకీని వసూలు చేయు అధికారము మన చేతికి ఇయ్యబడలేదు. బిడ్డ మీద ఇదివరకే పడిన బరువునకు మన చేయి మరి కొంత బరువు కలుపవలెనని వాక్యము ఎక్కడను చెప్పలేదు.

దావీదు చేసిన పనిని చూడుడి. సౌలు అతనిని చంపవలెనని అడవులలో తరిమెను. సౌలు చనిపోయిన వార్త వచ్చినప్పుడు దాది ఐదేండ్ల మెఫీబోషెతును ఎత్తుకొని పారిపోవుచు క్రింద పడవేయగా, ఆ బిడ్డ కుంటివాడాయెను. పెద్దల యుద్ధములో పిల్లల కాళ్ళు విరుగుట అంటే ఇదే. రాజైన తరువాత దావీదు సౌలు ఇంటివారిలో మిగిలినవాడెవడైన ఉన్నాడా అని అడిగెను. ఆ ప్రశ్న విని లోదెబారులో దాగియున్నవాడు వణకియుండును. దావీదు అడిగినది యోనాతానును బట్టి వానికి ఉపకారము చేయుటకే. శత్రువు మనుమడు నాటినుండి రాజకుమారులలో ఒకనివలె రాజు బల్లయొద్ద భోజనము చేసెను. అతని కాళ్ళు బాగుపడలేదు. అవి బల్ల క్రింద కనబడకుండెను, అంతే. స్వస్థత రాకముందే భోజనము వచ్చెను. ఈ క్రమమును మనము మరువరాదు.

అన్నము పెట్టుట అనగా సత్యమును పూడ్చిపెట్టుట కాదు. టబా ప్రాంతపు అధికారిగా నుండిన అకయేసుకు అంతర్జాతీయ న్యాయస్థానము 1998 సెప్టెంబరు 2వ తేదీన శిక్షకు తగిన తీర్పు చెప్పినది; జాతిసంహారము అను నేరమునకు అంతర్జాతీయ న్యాయస్థానము విచారణ జరిపి చెప్పిన మొట్టమొదటి తీర్పు అదియే. ఊరి చెట్ల క్రింద కూర్చున్న గచాచా అను ప్రజా న్యాయసభలు 2012 వరకు పది లక్షలకు మించిన వ్యాజ్యములు విచారించెను. ముకసరసి అమ్మగారు తీర్పు కొరకు సాక్షులను నిలువబెట్టిరి, అన్నము కొరకు అనాథలను చేరదీసిరి. ఆ రెండును ఆమె జీవితములో కలిసి నడిచినవి. తీర్పు దానికి తగిన చోట జరుగవలెను. అయితే అది పూర్తియగు వరకు బిడ్డ ఆకలి ఆగదు. న్యాయస్థానము పది సంవత్సరములు ఆలస్యము చేయవచ్చును. ఆరేండ్ల పిల్లవాడు పది సంవత్సరములు ఆగినయెడల వాని బాల్యమే గతించిపోవును.

రెండవ ప్రశ్న. తిరిగి రమ్మని, క్షమించుమని గాయపడినవారిని మనము అడుగవచ్చునా? ఇక్కడ సంఘము నోరు అదుపులో ఉంచుకొనవలెను. తిరిగి రానివారు వేలమంది గలరు. ఆ కొండను మరల చూడలేము, ఆ బావి నీరు మరల త్రాగలేము అనువారిని పాపులని ఎంచుటకు మనమెవరము? నయోమి బేత్లెహేమునకు వచ్చినప్పుడు తన పేరు మార చెప్పుమని, తన బ్రదుకు చేదైపోయెనని దేవుని మీదనే మొరపెట్టెను. ఆమె విశ్వాసము తక్కువైనదని ఎవరును గద్దింపలేదు. రామాలో రాహేలు తన పిల్లలు లేకపోయినందున ఓదార్పు పొందనొల్లక ఏడ్చెనని యిర్మీయా వ్రాసెను. దేవుడు రాహేలుతో వాదింపలేదు. ఓర్చుకొమ్మని ప్రసంగము చేయలేదు. పిల్లలు తిరిగి వత్తురని మాట ఇచ్చెను. రాహేలు కన్నీటికి ప్రసంగము జవాబు కాదు. ఇంటికి నడచి వచ్చు పిల్లలే జవాబు. గాయపడనివారు సుఖాసనములలో కూర్చుండి గాయపడినవారికి క్షమను నేర్పుట వ్యర్థమని దీనివలన నేర్చుకొందుము. వారి ప్రక్కన నిలిచి పిల్లలను ఇల్లు చేర్చు పనిలో చేయి కలుపుటయే మన వంతు.

మూడవ ప్రశ్న. అందరు చనిపోగా నేనెందుకు బ్రదికితిని? మిగిలినవారిని రాత్రులయందు వెంటాడు ప్రశ్న ఇది. సిలోయములోని గోపురము పడి చచ్చిన పదునెనిమిదిమంది తక్కినవారికంటె పాపులు కారని ప్రభువు స్పష్టముగా చెప్పెను (లూకా 13వ అధ్యాయము). అట్లయినయెడల బ్రదికినవారు తక్కినవారికంటె నీతిమంతులును కారు. దక్కిన ప్రాణము మన మంచితనమునకు కూలి కాదు. చనిపోయినవారికి తీర్చవలసిన అప్పు కూడ కాదు; వారికి మనము ఏమి తీర్చగలము? అది ఒక నిక్షేపము. నిక్షేపము ఇచ్చినవాడు దానిని ఎవరికి అందించవలెనో చూపించును. రువాండాలో తిరిగి వచ్చినవారికి ఆయన చూపించినది ఆ కొండల మీది పిల్లలను.

ప్రియులారా, ఇంత దూరము పోయి వచ్చిన మనము ఇప్పుడు మన మెదకును చూచుకొందము. మన పట్టణములోని మహా దేవాలయమును చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరువు దినములలో కట్టించిరి. కూలి లేక, గింజలేక వలసపోవు ప్రజలకు ఆ పని అన్నము పెట్టినది. సుమారు పదేండ్లు సాగిన ఆ పని ముగిసి, 1924 డిసెంబరు 25వ తేదీన దేవాలయము ప్రతిష్ఠింపబడెను. 2024తో దానికి నూరేండ్లు నిండినవి. ఆ రాళ్ళు మోసినవారిలో మన తాతలు, ముత్తాతలు గలరు. మన కరువును రువాండా సంహారముతో పోల్చుట తగదు. కరువు వేరు, పొరుగువాని కత్తి వేరు. అయినను మనమును మిగిలినవారి సంతతివారమే. ఆకలికి చావక మిగిలిన ఒక తల్లి, వెట్టిలో కృశించిపోక మిగిలిన ఒక తండ్రి ఉన్నందుననే మనము ఈ పత్రికను చదువుచున్నాము. మన దక్కిన ప్రాణము కూడ నిక్షేపమే.

వెనుకటి దినములలో బోర్డింగు స్కూలులో చదివిన పిల్లలనేకులు ఉపదేశులై, పంతుళ్ళై పల్లెలకు తిరిగి పోయిరి. ఉపదేశి ఇంటి అరుగు మీద లాంతరు క్రింద రాత్రిబడి జరిగెను. ఏ ఊరివారు తమను బావి యొద్దకు రానీయలేదో, ఆ ఊళ్ళలోనే వారు అక్షరములు నేర్పిరి. అది కూడ తిరిగి వచ్చుటయే. ఈనాడు మన పిల్లలు చదివి హైదరాబాదునకు, గల్ఫు దేశములకు పోవుచున్నారు. పోవుట తప్పు కాదు. కడుపు కొరకు పోవలసినదే. అయితే క్రిస్మసు పండుగకు వచ్చి, దేవాలయమునకు పోయి, బిర్యాని తిని మరునాడు బస్సు ఎక్కుటతో మన ఊరికి మనము చెల్లించవలసినది చెల్లినదా అని అడుగుకొందము.

మరియొక మాట నొప్పిగానైనను చెప్పవలెను. రువాండాలో కార్డు మీద వ్రాయబడిన పేరు మన సంఘములలో నాలుక మీద ఉన్నది. ఒకే బల్లయొద్ద ప్రభువు రాత్రి భోజనము తీసికొని, బయటికి వచ్చి మాల సంఘము, మాదిగ సంఘము అని లెక్క వేసికొనుచున్నాము. కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు, పెండ్లి సంబంధము వచ్చినప్పుడు, ఆదివార పాఠశాలకు పంతులమ్మను నియమించునప్పుడు "వారు ఏమిటివారు?" అను గుసగుస వినబడును. దీనికిని అక్కడ జరిగినదానికిని ఎంతో దూరము గలదు. అయినను అక్కడి సంహారము ఏప్రిలు నెలలో హఠాత్తుగా పుట్టలేదు. అరువది సంవత్సరములు ఆ ప్రశ్నను నిమ్మళముగా అడుగుచు, నిమ్మళముగా వ్రాసికొనుచు వచ్చిన తరువాత ఒక దినమున కత్తి దానికి జవాబు చెప్పెను. విత్తనము చిన్నదని ఇంటిలో ఉంచుకొనుట బుద్ధి కాదు.

కనుక ప్రతి సంఘము చేయదగిన పనులు కొన్ని గలవు. వారమునకు ఒకటి రెండు సాయంకాలములు దేవాలయపు వరండాలో పిల్లలకు చదువు చెప్పుటకు చదివిన యౌవనులు పూనుకొనవచ్చును. అక్కడికి అన్ని వాడల పిల్లలు, అన్ని మతముల పిల్లలు రావచ్చును. ఒడిశా నుండి ఇటుక బట్టీలకు వచ్చిన కూలీల పిల్లలకు మన భాష రాదు. వారిని కూడ కూర్చుండబెట్టవలెను. తండ్రి త్రాగుబోతు అయినను, జైలులో ఉన్నను, మనతో పొలము గట్టు విషయమై వ్యాజ్యము ఆడుచున్నను, ఆ బిడ్డకు ఆ బల్లమీద చోటు ఉండవలెను. వ్యాజ్యము కోర్టులో నడువనీయుడి. బిడ్డ పలక మీదికి దానిని తేకుడి. పట్టణములో స్థిరపడినవారు సెలవులకు వచ్చినప్పుడు ఒక పూట ఆ పిల్లల మధ్య కూర్చుండి, ఒక బిడ్డ చదువు బాధ్యత తీసికొని పోవచ్చును. ఇవి గొప్ప పనులు కావు. కాని ఇట్టి చిన్న పనులు లేనందుననే పెద్ద ఉజ్జీవము చూచిన దేశము కూడ ఆ దినమున నిలువలేకపోయినది.

ఒక బిడ్డ మన గుమ్మము ముందు నిలిచినప్పుడు ఎవరి బిడ్డయని తప్పక అడుగుదము. వానిని ఇల్లు చేర్చుటకు అడుగుదము. ఇల్లు లేనివాడైనయెడల ఫరో కుమార్తెవలె తెలిసియే ఎత్తుకొందము. పశువుల తొట్టిలో పండుకొన్నవాడు, హేరోదు కత్తికి తప్పింపబడి ఐగుప్తులో శరణార్థియై, తిరిగి నజరేతునకు వచ్చి మన మధ్య పెరిగినవాడు, ఆ బిడ్డ ప్రక్కనే నిలిచియున్నాడు. చిన్నవారిని చేర్చుకొనువారు తన్నే చేర్చుకొందురని ఆయన సెలవిచ్చెను.

పరలోకపు తండ్రి రువాండా కొండల మీద ఇంకను ఏడ్చుచున్న రాహేలులను ఓదార్చును గాక. తిరిగి వచ్చినవారి చేతులను బలపరచును గాక. మన మెదకు పల్లెలలోని ప్రతి బిడ్డను తన బిడ్డగా చూచు కన్నులను మనకు దయచేయును గాక. ఆమేన్.